కొత్త డిస్కు పెట్టే ముందు పాత డిస్కుల్ని చూడండి

ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాలన్నిటికీ మూలం ఒకటే. సర్వర్‌లో చోటు అయిపోయింది, డిస్కులు చేర్చాలి, ఉన్న డేటాకు మాత్రం ఏమీ కాకూడదు. ఒకరికి చెప్పింది ఇంకొకరికీ పనికొస్తుంది గనక అన్నిటికీ ఒకేచోట జవాబులిస్తున్నాం. ముందుగా ఒక్క మాట. అరేకి (చాలా డిస్కుల్ని కలిపి ఒకే పెద్ద డిస్కులా వాడే అమరికకు) డిస్కు చేర్చినప్పుడు, దాన్ని నడిపే కంట్రోలర్ పాత డిస్కుల్లోని ప్రతి సెక్టారునూ (డిస్కులో చదివే అతి చిన్న ముక్కను) చదివి, డేటాను కొత్త లెక్క ప్రకారం మళ్లీ పరుస్తుంది. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫైళ్లున్న మూలలు కూడా ఆరోజు చదవాల్సిందే. పాడైన సెక్టారు ఉంటే బయటపడేది అప్పుడే. అందుకే ఈ జవాబుల్లో కొత్త డిస్కుల కంటే పాత డిస్కుల ప్రస్తావనే ఎక్కువ.

ప్రశ్న: మహారాణిపేటలో మాది స్కానింగ్ సెంటర్. సీటీ, ఎంఆర్‌ఐ చిత్రాలు దాచే సర్వర్‌లో 4 టీబీ డిస్కులు నాలుగు రైడ్ 5లో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అరేలో) ఉన్నాయి. డెల్ టవర్, పెర్క్ అనే డెల్ రైడ్ కంట్రోలర్, విండోస్ సర్వర్. విండోస్ వేరే ఎస్‌ఎస్‌డీ జత మీద ఉంది. ఇమేజిల డ్రైవ్‌లో ఇంక 600 జీబీయే మిగిలింది. ఖాళీ బేలు (డిస్కు దూర్చే అరలు) రెండున్నాయి. వాటిలో అవే 4 టీబీ డిస్కులు రెండు పెడితే మొత్తం 20 టీబీ అవుతుందని సర్వీస్ అబ్బాయి అంటున్నాడు. సర్వర్ ఆపకుండా చేయొచ్చా? ఎంతసేపు పడుతుంది?
– స్కానింగ్ సెంటర్ మేనేజర్, మహారాణిపేట

జవాబు: సర్వర్ ఆపకుండానే చేయొచ్చు. కానీ ఆరు డిస్కులతో రైడ్ 5 వద్దు, రెండు డిస్కులు పోయినా నిలిచే రైడ్ 6కి మారండి. 20కి బదులు 16 టీబీ వస్తుంది. 4 టీబీ ఎందుకు వదులుకోమంటున్నామంటే, కారణాలు రెండు.

మొదటిది విండోస్ వైపు నుంచి వచ్చేది, చాలామందికి తట్టనిది. విండోస్ ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ని ఫార్మాట్ చేసేటప్పుడు క్లస్టర్ సైజు (ఫైలుకు ఒకసారికి కేటాయించే చోటు) మనం ఎంచుకోకపోతే, మీ సైజు డ్రైవ్‌కి 4 కేబీ పడుతుంది. 4 కేబీ క్లస్టర్లతో ఆ డ్రైవ్ 16 టీబీ దాటి పెరగలేదు. కంపెనీ లెక్కలో 20 టీబీ విండోస్ లెక్కలో 18.19 టీబీ. అంటే కంట్రోలర్ రోజుల తరబడి కష్టపడి చోటు పెంచాక మీరు ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కితే, క్లస్టర్ల సంఖ్య పరిమితి దాటుతోందంటూ విండోస్ అడ్డం తిరుగుతుంది. పైనున్న 2 టీబీ చిల్లర అదే డ్రైవ్‌లో కలవాలంటే డేటా అంతా బయటికి తీసి, 64 కేబీ క్లస్టర్‌తో మళ్లీ ఫార్మాట్ చేసి, తిరిగి నింపుకోవాలి. రైడ్ 6లో వచ్చే 16 టీబీ విండోస్‌లో 14.55గా కనిపిస్తుంది, ఇబ్బంది లేదు. మీ క్లస్టర్ ఎంతో చూసుకోవాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్‌ఎస్‌యుటిల్ కమాండుతో ఆ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఇన్ఫో అడగండి. బైట్స్ పర్ క్లస్టర్ దగ్గర 4096 ఉంటే పైన చెప్పిందే మీ పరిస్థితి. 65536 ఉంటే ఈ మొదటి కారణం మీకు వర్తించదు.

రెండోది మాత్రం వర్తిస్తుంది. ఆరు డిస్కుల రైడ్ 5లో ఒకటి పోతే, దాని డేటాను కొత్త డిస్కు మీద తిరిగి కట్టే రీబిల్డ్ కోసం మిగతా అయిదూ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. అంటే 20 టీబీ. మామూలు డెస్క్‌టాప్ డిస్కుల డేటాషీట్లలో చదవలేని సెక్టారుకు ఇచ్చే పరిమితి లక్ష కోట్ల బిట్లకు వందరెట్లు, అంటే 12.5 టీబీ చదివినప్పుడు ఒకటి మించదని. ఎంటర్‌ప్రైజ్ డిస్కులకు అది 125 టీబీ. అసలు డిస్కులు ఈ హామీకన్నా మెరుగ్గానే ఉంటాయి గానీ, రైడ్ 5 రీబిల్డ్ మధ్యలో చదవలేని సెక్టారు ఒక్కటి తగిలినా దాన్ని తిరిగి కట్టడానికి ఇంకో ఆధారం ఉండదు. రైడ్ 6లో రెండో పారిటీ (పోయిన డేటాను తిరిగి లెక్కగట్టే అదనపు సమాచారం) ఉంటుంది. రోగుల స్కాన్లు దాచే చోట ఈ ఒక్క డిస్కు ఖర్చు గురించి ఆలోచించకండి.

ఇక పని. ముందు బ్యాకప్. బ్యాకప్ అయిందని సాఫ్ట్‌వేర్ పచ్చ గుర్తు చూపిస్తే చాలదు. రెండేళ్ల కిందటి స్టడీ ఒకటి, నిన్నటిది ఒకటి బ్యాకప్ నుంచి వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి, వ్యూయర్‌లో తెరిచి, స్లైసులన్నీ వస్తున్నాయో లేదో చూడండి. అది తెరుచుకునేదాకా తర్వాతి అడుగు వేయొద్దు.

తర్వాత పాత నాలుగు డిస్కులు. డెల్ సాధనాలైన ఓపెన్‌మేనేజ్‌లో గానీ పెర్క్‌సీఎల్‌ఐతో గానీ ఒక్కో డిస్కు వివరాలు తెరవండి. చూడాల్సినవి మీడియా ఎర్రర్ కౌంట్, ప్రిడిక్టివ్ ఫెయిల్యూర్ కౌంట్. రెండూ సున్నా ఉండాలి. మీడియా ఎర్రర్లు పడ్డ డిస్కు ఉంటే విస్తరణ సంగతి పక్కనపెట్టి, కొత్తగా తెచ్చిన రెండిట్లో ఒకదాన్ని దాని స్థానంలో పెట్టి రీబిల్డ్ పూర్తి చేయండి, విస్తరణకు ఇంకో డిస్కు కొనండి. అదర్ ఎర్రర్ కౌంట్ మాత్రమే పెరుగుతుంటే తరచుగా అది కేబుల్‌దో, బ్యాక్‌ప్లేన్ కనెక్టర్‌దో. కౌంట్లు సున్నా ఉన్నాయని కూడా సరిపెట్టుకోవద్దు. వర్చువల్ డిస్కు (కంట్రోలర్ విండోస్‌కి ఒకే డిస్కుగా చూపేది) మీద కన్సిస్టెన్సీ చెక్ ఒకసారి పూర్తిగా నడపండి. అది ప్రతి స్ట్రైప్‌నీ (డిస్కులన్నిటి మీదా పరిచిన డేటా వరసను) చదువుతుంది. చదవలేని సెక్టారు దొరికితే, ఇప్పుడు నాలుగు డిస్కులూ బాగున్నాయి గనక పారిటీ నుంచి లెక్కగట్టి అప్పటికప్పుడే సరిచేస్తుంది. అదే సెక్టారు ఒక డిస్కు పోయిన రోజున దొరికితే సరిచేసే దారి లేదు. చెక్ అయ్యాక కౌంట్లు మళ్లీ చూడండి.

కంట్రోలర్ బ్యాటరీ స్థితి ఆప్టిమల్ అని ఉండాలి. ఛార్జింగ్ అని గానీ డిగ్రేడెడ్ అని గానీ ఉంటే ఆగండి.

కొత్త డిస్కులు కొనేటప్పుడు చూడాల్సినవి: పాతవి సాస్ అయితే ఇవీ సాస్, సాటా అయితే సాటా. ఇవి డిస్కుని కలిపే రెండు పద్ధతులు, ఒకే అరేలో కలవవు. పాతవి 512 బైట్ల సెక్టారువి అయితే 4కే నేటివ్ డిస్కు చేరదు, 512ఈ అని రాసున్నది తీసుకోండి. సైజు పాతదానితో సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. ఒక్క ఎంబీ తక్కువైనా కంట్రోలర్ తిరస్కరించవచ్చు. అలాగే మీ మోడల్‌కి సరిపోయే క్యాడీలు (డిస్కుని బిగించే ట్రేలు) రెండు, ఒక్కోదానికి నాలుగు స్క్రూలు. క్యాడీ లేకుండా డిస్కు బేలో కూర్చోదు, పని ఆగిపోయేది సాధారణంగా ఇక్కడే.

డిస్కు పెట్టి లీవర్ మూశాక అది రెడీ స్థితిలో కనపడాలి. ఫారిన్ అని కనపడితే అంతకుముందు ఇంకో సర్వర్‌లో వాడిన డిస్కు అన్నమాట. ఇంపోర్ట్ నొక్కకండి. క్లియర్ నొక్కాలి, కానీ నొక్కేముందు ఫారిన్ జాబితాలో కొత్త డిస్కు స్లాట్ నంబర్లు మాత్రమే ఉన్నాయని చూసుకోండి. క్లియర్ ఆ కంట్రోలర్ మీద ఫారిన్‌గా ఉన్న అన్నిటికీ ఒకేసారి వర్తిస్తుంది. మీ పాత డిస్కు ఏదైనా పొరపాటున ఫారిన్ అయి ఉంటే దాని సమాచారమూ తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ నాలుగు డిస్కుల మీద వర్చువల్ డిస్కు ఒకటే ఉండాలి. రెండుంటే ఈ కంట్రోలర్లు విస్తరణ చేయవు. ఒకటే ఉంటే ఓపెన్‌మేనేజ్‌లో ఆ వర్చువల్ డిస్కుకి రీకాన్ఫిగర్ టాస్క్ ఎంచుకుని, కొత్త డిస్కులు రెండిటికీ టిక్ పెట్టి, రైడ్ 6 అని చెప్పి మొదలుపెట్టండి. చివరి పేజీలో కొత్త సైజు చూపిస్తుంది. అక్కడ 14.55 టీబీకి దగ్గరి అంకె లేకపోతే వెనక్కి రండి, ఏదో తప్పు ఎంచుకున్నారు. ఫినిష్ నొక్కాక రద్దు చేసే వీలు ఉండదు.

సమయం. 4 టీబీ డిస్కుని సెకనుకు 150 ఎంబీ చొప్పున ఒక్కసారి చదవడానికే ఏడున్నర గంటలు కావాలి. ఇక్కడ అవే డిస్కుల మీద చదవడం, రాయడం రెండూ జరుగుతాయి. పైగా రీకాన్ఫిగర్ నడిచినంతసేపూ రైట్ క్యాష్ రైట్ బ్యాక్ నుంచి రైట్ త్రూకి మారుతుంది, అంటే ప్రతి రాతా డిస్కు చేరేదాకా ఆగాలి. కంట్రోలర్ ఈ పనికి కేటాయించే వాటా మామూలుగా 30 శాతం. రెండు నుంచి నాలుగు రోజులు పట్టినా ఆందోళన పడకండి. ఆ రోజుల్లో కొత్త స్కాన్లు సర్వర్‌కి చేరడం నెమ్మదిస్తుంది. శనివారం సాయంత్రం మొదలుపెడితే ఆదివారం కాస్త ఎక్కువ పని అవుతుంది. రద్దీ వేళ పనికి అడ్డొస్తుంటే ఆ 30ని తగ్గించుకోవచ్చు, రాత్రి మళ్లీ పెంచవచ్చు.

పూర్తయ్యాక విండోస్‌కి ఆ సంగతి తనంతట తెలియదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రీస్కాన్ చేస్తే డ్రైవ్ పక్కన కుడివైపు అనలొకేటెడ్ చోటు కనపడుతుంది. ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఇస్తే కొన్ని సెకన్లలో కలిసిపోతుంది. ఆ వెంటనే వెనకాల బ్యాక్‌గ్రౌండ్ ఇనిషియలైజేషన్ నడుస్తుంది, దాన్ని పూర్తవనివ్వండి. ఆ రాత్రే పూర్తి బ్యాకప్ ఇంకోటి తీసుకోండి.

ప్రశ్న: 4 టీబీ డిస్కు కొంటే సర్వర్ 3.63 టీబీయే చూపిస్తోంది. దుకాణంలో మోసం చేశారా?
– ట్రావెల్స్ ఆఫీసు, ద్వారకానగర్

జవాబు: లేదు. డిస్కు కంపెనీ 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ 1024ని నాలుగుసార్లు గుణించి వచ్చిన అంకెను టీబీ అంటుంది. 4 లక్షల కోట్ల బైట్లను దానితో భాగిస్తే 3.638 వస్తుంది. మీ డిస్కు సరైనదే.

ప్రశ్న: గాజువాకలో ఫ్యాబ్రికేషన్ డ్రాయింగులు వేసే ఆఫీసు మాది. ఉబుంటు సర్వర్‌లో ఎండీ (లినక్స్ సాఫ్ట్‌వేర్ రైడ్) రైడ్ 5, 4 టీబీ డిస్కులు నాలుగు. దాని మీద ఎల్‌వీఎం (చోటును వాల్యూములుగా పంచే పొర), ఆ పైన ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్. అయిదో డిస్కు పెట్టి యాడ్ కమాండ్ ఇచ్చాను. ఎర్రర్ ఏమీ రాలేదు. ఖాళీ చూపే డీఎఫ్ కమాండు కొడితే మాత్రం చోటు పాతంతే ఉంది.
– సిస్టమ్స్ చూసే ఉద్యోగి, గాజువాక

జవాబు: యాడ్ చేసిన డిస్కు స్పేర్‌గా కూర్చుంది. ఏదైనా డిస్కు పోతే దాని స్థానంలోకి వెళుతుందే తప్ప చోటు ఇవ్వదు. మీరు చేయాల్సిన పని నాలుగు అంతస్తుల్లో ఉంది: ఎండీ అరే, ఫిజికల్ వాల్యూమ్, లాజికల్ వాల్యూమ్, ఫైల్ సిస్టమ్. కింది అంతస్తు పూర్తికాకుండా పైదానికి వెళ్లలేరు.

మొదట ప్రాక్‌లోని ఎండీస్టాట్ ఫైలు చూడండి. కొత్త డిస్కు పేరు పక్కన బ్రాకెట్లలో ఎస్ అక్షరం ఉంటుంది, స్పేర్ అనడానికి గుర్తు. అదే చోట నాలుగు యూ అక్షరాలు వరసగా ఉండాలి. ఒక్క యూ స్థానంలో కిందగీత ఉన్నా అరే ఇప్పటికే దెబ్బతిని ఉంది, గ్రో (అరే పెంచడం) చేయకండి.

అన్ని డిస్కులకూ స్మార్ట్‌సీటీఎల్ (డిస్కు ఆరోగ్యం చూపే కమాండు) వివరాలు తీయండి. 5, 197, 198 నంబర్ల దగ్గర రా వాల్యూ సున్నా ఉండాలి. 197 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు. రీషేప్ (డేటాను మళ్లీ పరిచే పని) మధ్యలో ఇబ్బంది పెట్టేవి ఇవే. 199 పెరిగితే కేబుల్ మార్చి చూడండి, డిస్కు తప్పు కాకపోవచ్చు. తర్వాత అరే సింక్ యాక్షన్ ఫైల్లో చెక్ అని రాసి పూర్తి స్క్రబ్ (అరే అంతా చదివి చూసే తనిఖీ) నడపండి. కొత్త డిస్కుకి స్మార్ట్ లాంగ్ టెస్ట్ చేయండి. మీరిప్పటికే స్పేర్‌గా చేర్చారు గనక చదివే టెస్ట్ మాత్రమే. దాని మీద రాసి చూసే పరీక్ష కావాలంటే ముందు అరే నుంచి తీసేయాలి.

ఒక్కటి తప్పకుండా సరిచూడండి. డిస్కు చెడ్డ సెక్టారు తగిలినప్పుడు ఎంతసేపు ప్రయత్నిస్తుందన్నది. నాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె), ఎంటర్‌ప్రైజ్ డిస్కులు 7 సెకన్లలో చేతులెత్తేసి ఎర్రర్ చెబుతాయి. అప్పుడు ఎండీ ఆ సెక్టారుని పారిటీ నుంచి కట్టి తిరిగి రాస్తుంది. డెస్క్‌టాప్ డిస్కు నిమిషాల తరబడి అదే సెక్టారు మీద పట్టుబట్టి కూర్చోవచ్చు. లినక్స్ మాత్రం 30 సెకన్లు చూసి లింకును రీసెట్ చేస్తుంది. ఒక్క సెక్టారు కోసం డిస్కు మొత్తం అరే నుంచి బయటికి పోయేది ఇలాగే. స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీఈఆర్‌సీకి 70, 70 ఇవ్వండి. అది సెకనులో పదోవంతు లెక్క, అంటే 7 సెకన్లు. డిస్కు ఒప్పుకోకపోతే సిస్ ఫోల్డర్‌లో ఆ డిస్కు టైమౌట్‌ని 30 నుంచి 180కి పెంచండి. ఈ రెండు సెట్టింగులూ రీబూట్‌తో, కరెంటు పోకతో మాసిపోతాయి, బూట్ స్క్రిప్ట్‌లో రాసిపెట్టుకోవాలి.

ఇప్పుడు గ్రో. ఎండీఏడీఎం కమాండుకు గ్రో ఆప్షన్, రైడ్ డివైసెస్ 5, బ్యాకప్ ఫైల్‌కి దారి ఇవ్వండి. ఆ బ్యాకప్ ఫైలు ఈ అరే మీద ఉండకూడదు, రూట్ డిస్కు మీదో యూఎస్‌బీ మీదో పెట్టండి. మధ్యలో ఆగిపోతే తిరిగి కూర్చేటప్పుడు అరే ఆ ఫైలునే అడగవచ్చు. అడిగినప్పుడు అదే అరే లోపల చిక్కుకుని ఉంటే ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అన్నట్టవుతుంది. ఎండీఏడీఎం పాత వెర్షన్ బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో రాసుకునే పట్టీ) ఉందని మొండికేస్తే దాన్ని నన్ చేసి, పని అయ్యాక ఇంటర్నల్ అని తిరిగి పెట్టండి.

ఎండీస్టాట్‌లో రీషేప్ శాతం, స్పీడ్, మిగిలిన నిమిషాలు కనిపిస్తాయి. స్పీడ్ 40000కే (సెకనుకు సుమారు 40 ఎంబీ) దగ్గర నిలకడగా ఉంటే 4 టీబీ డిస్కులకు సుమారు 27 గంటలు. బాగా నెమ్మదిగా ఉంటే రైడ్ స్పీడ్ లిమిట్ మిన్ చూడండి, అది మామూలుగా 1000 ఉంటుంది. ఎవరైనా ఫైళ్లు వాడుతున్నంతసేపూ రీషేప్ ఆ కనీసానికి పడిపోతుంది. 50000 చేయండి. స్ట్రైప్ క్యాష్ సైజును 256 నుంచి 8192కి పెంచితే కూడా తేడా తెలుస్తుంది. దానికయ్యే మెమరీ 4 కేబీ ఇంటూ 8192 ఇంటూ 5 డిస్కులు, అంటే 160 ఎంబీ. ఆ మాత్రం ర్యామ్ మీ సర్వర్ ఇవ్వగలదు.

రీషేప్ నూరు శాతం అయ్యాక పీవీరీసైజ్. ఆ తర్వాత ఎల్‌వీఎక్స్‌టెండ్, మిగిలిన ఖాళీ అంతా ఇవ్వమని. చివర ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్, దానికి డివైస్ పేరు కాకుండా మౌంట్ చేసిన ఫోల్డర్ పేరు ఇవ్వండి. అన్నీ మౌంట్ తీయకుండానే నడుస్తాయి. అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఒకసారి పెరిగితే తగ్గదు. స్నాప్‌షాట్ల కోసమో, ఇంకో వాల్యూమ్ కోసమో చోటు కావాలనిపిస్తే మొత్తం ధారపోయకుండా ఎల్‌వీఎంలో 500 జీబీ అట్టేపెట్టుకోండి. ఎండీఏడీఎం కాన్ఫ్ ఫైల్లో డిస్కుల సంఖ్య రాసి ఉంటే 5గా దిద్ది, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే ఫైలు) అప్‌డేట్ చేయండి. ఇది మరిచిపోతే తర్వాతి రీబూట్‌కి అరే లేవక గాభరా పడతారు.

ప్రశ్న: అరే 3 టీబీ నుంచి 6 టీబీ అయిందని కంట్రోలర్ చెబుతోంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 2 టీబీ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది, మిగతాది బూడిదరంగులో ఉండి ఏ మెనూ పనిచేయడం లేదు.
– రైస్ మిల్లు అకౌంటెంట్, పెందుర్తి

జవాబు: మీ డిస్కు పార్టిషన్లు రాసుకునే పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంది. అందులో సెక్టారు నంబరుకు 32 బిట్లే, ఒక్కో సెక్టారు 512 బైట్లు, గుణిస్తే సరిగ్గా 2 టీబీ. అంటే మీ 3 టీబీలోనూ ఇన్నాళ్లూ పైభాగం వృథాగానే పోయింది. ఆ హద్దు లేని కొత్త పద్ధతి జీపీటీకి మార్చాలి. డేటా డ్రైవ్ అయితే నమ్మకమైన దారి బ్యాకప్ తీసి, పార్టిషన్లు తొలగించి, జీపీటీగా మార్చి, తిరిగి నింపడం. డేటాతో ఉండగానే మార్చే సాధనాలు ఉన్నాయి గానీ, వాటికీ బ్యాకప్ ఉండాల్సిందే. బ్యాకప్ ఎలాగూ తీస్తున్నప్పుడు తిరిగి నింపుకునే దారే శుభ్రం.

ఇలాంటిదే ఇంకోటి తరచుగా తగులుతుంది. సీ డ్రైవ్ పెంచబోతే ఎక్స్‌టెండ్ మసకగా ఉంటుంది. ఖాళీ చోటుకీ సీ డ్రైవ్‌కీ మధ్య రికవరీ పార్టిషన్ అడ్డంగా కూర్చోవడమే దానికి కారణం. విండోస్ పక్కనే ఆనుకుని ఉన్న చోటునే కలుపుకుంటుంది.

ప్రశ్న: రైడ్ 10లో (డిస్కుల జతల్లో రెండేసి కాపీలు ఉంచే అరేలో) నాలుగు డిస్కులున్నాయి. ఇంకో రెండు పెడితే మా కంట్రోలర్ రీకాన్ఫిగర్‌కి ఒప్పుకోవడం లేదు.
– సాఫ్ట్‌వేర్ సంస్థ, మధురవాడ

జవాబు: పాత తరం పెర్క్, మెగారైడ్ కంట్రోలర్లు రైడ్ 10, 50, 60 లాంటి జంట స్థాయిల అరేలను పెంచవు. హెచ్‌పీఈ స్మార్ట్ అరే కంట్రోలర్లు జతల లెక్కన పెంచుతాయి, వాటికీ బ్యాటరీ బాగుండాలి. మీ దగ్గర ఉన్నది పెంచని రకమైతే, కొత్త రెండిటితో రైడ్ 1 (రెండిటిలోనూ ఒకే కాపీ) వర్చువల్ డిస్కు విడిగా చేయండి. లినక్స్ అయితే ఎల్‌వీఎం గ్రూపులో కలిపేయొచ్చు. విండోస్ అయితే వేరే డ్రైవ్ లెటర్ ఇచ్చి, పెరుగుతున్న ఫోల్డర్ ఒకదాన్ని అక్కడికి మార్చండి. డైనమిక్ డిస్కుగా మార్చి స్పాన్ చేయడం (రెండిటినీ ఒకే డ్రైవ్‌గా కలపడం) వద్దు, పేచీ వచ్చినప్పుడు దాన్ని విడదీసి డేటా తీయడం నరకం.

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీలో పెళ్లి ఫొటోలు, వీడియోల స్టూడియో. నాలుగు బేల నాస్‌లో 2 టీబీ డిస్కులు నాలుగు, రైడ్ 5. నిండిపోయింది. ఖాళీ బే లేదు. ఒక్కొక్కటే తీసి 8 టీబీ డిస్కు పెట్టుకుంటూ పోతే సరిపోతుందని విన్నాం. నిజమేనా?
– స్టూడియో యజమాని, ఎంవీపీ కాలనీ

జవాబు: నిజమే, పనిచేస్తుంది. మా సలహా మాత్రం వేరు.

ఒక డిస్కు లాగి కొత్తది పెట్టిన ప్రతిసారీ అరే ఏ రక్షణా లేకుండా ఉంటుంది, మిగతా మూడూ మొత్తం చదవబడతాయి. అలా నాలుగుసార్లు. మీ డిస్కులు నాలుగూ ఒకేరోజు కొన్నవైతే అరుగుదల కూడా ఒకేలా ఉంటుంది, రెండో డిస్కు నాలుగింట్లో ఏ రీబిల్డ్‌లోనైనా జారిపోవచ్చు. చోటు పెరిగేది నాలుగో డిస్కు రీబిల్డ్ కూడా అయ్యాకే, అప్పటిదాకా సైజు చిన్న డిస్కుని బట్టే ఉంటుంది. ఇంకో సంగతి, ఇలా తీసిన పాత డిస్కులు నాలుగూ మీ దగ్గరే ఉన్నా వాటి నుంచి డేటా రాదు. ఒక్కోటి ఒక్కో రోజు బయటికి వచ్చింది, మధ్యలో రాసినవి ఒకదానితో ఒకటి పొసగవు.

దీనికి బదులు డేటా మొత్తం బయటి డిస్కుల మీదికి కాపీ చేయండి. 6 టీబీ, గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు 110 ఎంబీ చొప్పున 15 గంటల పైచిలుకు. నాస్ ఆపి పాత నాలుగు డిస్కులు ఒకేసారి బయటికి తీయండి. ఒక్కోదాని మీద బే నంబరు, తేదీ మార్కర్‌తో రాసి యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టండి. కొత్త నాలుగింటితో తాజా అరే కట్టి, బయటి డిస్కుల నుంచి నింపండి. పాత సెట్టు ఒకే క్షణంలో తీసింది గనక చెక్కుచెదరని రెండో కాపీగా బీరువాలో ఉంటుంది. కష్టం కూడా తక్కువే.

డిస్కు కొనేటప్పుడు సీఎంఆర్‌దే (ట్రాక్‌లు విడివిడిగా ఉండే రకం) అడగండి. ఎస్‌ఎంఆర్ డిస్కులో ట్రాక్‌లు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఒక ట్రాక్ తిరగరాయాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. మామూలు వాడకంలో తెలియదు. గంటల తరబడి ఆగకుండా రాసే రీబిల్డ్‌లో మాత్రం వేగం కుప్పకూలుతుంది, ఒక్కోసారి జవాబివ్వడం లేదని నాస్ ఆ డిస్కుని బయటికి నెట్టేస్తుంది. పెట్టె మీద ఇది రాసి ఉండకపోవచ్చు, మోడల్ నంబరుతో కంపెనీ డేటాషీట్ తెరిచి రికార్డింగ్ టెక్నాలజీ దగ్గర చూడండి. ఒకే బ్రాండు, ఒకే సైజు, నంబరు చివర రెండక్షరాలు మారితే రకమే మారిపోవచ్చు.

ప్రశ్న: ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్‌లో (రైడ్ పనీ తనే చేసే ఫైల్ సిస్టమ్) రైడ్‌జడ్2కి (అందులో రైడ్ 6 లాంటిది) ఒక డిస్కు చేర్చలేమని చాలాకాలంగా వింటున్నాం. ఇప్పటికీ అంతేనా?
– ఋషికొండ

జవాబు: కాదు. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో కుదురుతుంది. జడ్‌పూల్ అటాచ్ కమాండులో పూల్ పేరు, రైడ్‌జడ్ విడెవ్ (డిస్కుల గుంపు) పేరు, కొత్త డిస్కు ఇవ్వాలి. ఒకసారికి ఒక డిస్కు. రైడ్‌జడ్1 నుంచి 2కి మాత్రం మారలేరు. పాత ఫైళ్లు పాత డేటా పారిటీ నిష్పత్తిలోనే ఉంటాయి గనక, తిరగరాసేదాకా లెక్క ప్రకారం రావాల్సినంత చోటు కనపడదు. యాడ్ అని కొట్టబోయి జాగ్రత్త. అటాచ్ బదులు యాడ్ అంటే ఆ ఒంటరి డిస్కు ఏ రక్షణా లేకుండా పూల్‌లో భాగమవుతుంది. అలా జరగకుండా జడ్‌ఎఫ్‌ఎస్ ఒకసారి హెచ్చరిస్తుంది. ఫోర్స్ ఆప్షన్ పెట్టి ఆ హెచ్చరికను దాటితే, రైడ్‌జడ్ ఉన్న పూల్ నుంచి దాన్ని తిరిగి తీయలేరు.

ప్రశ్న: మా హోటల్ బీచ్ రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉంది. అరే పెంచే పని రెండు రోజులు పడుతుందంటున్నారు. మధ్యలో కరెంటు పోతే? ఉప్పుగాలి వల్ల డిస్కులకు ఏమైనా అవుతుందా?
– హోటల్ ఐటీ విభాగం, బీచ్ రోడ్డు

జవాబు: హార్డ్‌వేర్ కంట్రోలర్‌కి బ్యాటరీ బాగుంటే, కరెంటు వచ్చాక ఆగిన చోటు నుంచే పని కొనసాగుతుంది. ఎండీ కూడా అంతే. అయినా దాని మీద భరోసా పెట్టుకుని మొదలుపెట్టొద్దు. యూపీఎస్ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో ముందు కొలవండి. సర్వర్‌ని తీసేసి, అది లాగే వాట్లకు సరిపడా పాత బల్బులు తగిలించి, గోడ ప్లగ్గు తీసి గడియారం చూడండి. జనరేటర్ అందుకునే సమయానికి రెండింతలైనా రావాలి. మన ఉక్కపోతలో యూపీఎస్ బ్యాటరీలు డబ్బా మీద రాసినన్నేళ్లు బతకవు. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయువు సుమారు సగమవుతుంది. యూపీఎస్ నుంచి సర్వర్‌కి యూఎస్‌బీ వైరు వేసి, ఛార్జి తగ్గగానే సర్వర్ పద్ధతిగా షట్‌డౌన్ అయ్యేలా సెట్ చేయండి.

రోజు ఎంచుకోవడం కూడా పనిలో భాగమే. అక్టోబర్, నవంబర్‌లో మొదలుపెట్టేముందు విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందంటే వారం ఆగండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. అన్ని రోజులు ఏ యూపీఎస్సూ నిలవదు. మొదలయ్యాక బులెటిన్ వస్తే, గాలి పెరిగేలోపే మీ అంతట మీరు సర్వర్‌ని సవ్యంగా షట్‌డౌన్ చేయండి.

ఉప్పుగాలి డిస్కు లోపలికి చేసే హాని కంటే బయట కనెక్టర్లకు చేసేది ఎక్కువ. ఏళ్లుగా ఖాళీగా ఉన్న బే తలుపు తీసి టార్చి వేసి చూడండి. బ్యాక్‌ప్లేన్ కనెక్టర్ పిన్నుల దగ్గర పచ్చటి గానీ తెల్లటి గానీ పొడిలాంటిది కనపడితే అక్కడ కొత్త డిస్కు దూర్చకండి. పని చేసినట్టే చేసి, రీకాన్ఫిగర్ మధ్యలో లింకు తెగుతుంది. సర్వర్ ఆపి, పవర్ కేబుళ్లు తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన, నూగు రాలని స్వాబ్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. గరుకు కాగితంతో రుద్దకండి, బంగారు పూత లేచిపోతుంది. పచ్చదనం లోపలిదాకా పాకి ఉంటే బ్యాక్‌ప్లేన్ మార్చడమే. ఖాళీ బేలకు ప్లాస్టిక్ ఫిల్లర్లు తప్పకుండా ఉండాలి. అవి లేకపోతే ఫ్యాన్ల గాలి ఖాళీ బేల గుండా పోయి డిస్కుల మధ్య నుంచి సాగదు.

రీకాన్ఫిగర్ రోజుల్లో డిస్కుల వేడి మామూలు కంటే పెరుగుతుంది. మొదటి ఆరు గంటలూ గంటకోసారి ఉష్ణోగ్రత చూడండి. డేటాషీట్లు చాలావాటికి 60 డిగ్రీల దాకా అంటాయి గానీ 45 దాటగానే గది ఏసీ ఉష్ణోగ్రత తగ్గించి, సర్వర్ వెనక వేడిగాలి బయటికి పోయే దారి ఉందో లేదో చూడాలి. సముద్రం గాలి చల్లగా ఉందని కిటికీ మాత్రం తెరవకండి.